చంద్రుడి చాటున రోహిణి

ఓం నమః శివాయ.

సౌదీలో, గల్ఫ్‌లో ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు, ఇళ్లల్లో పని చేస్తున్న అక్కాచెల్లెళ్లకు ఈ శుక్రవారం మాట. కొంచెం పొడుగ్గా ఉంది. ఇప్పుడు సగం, అన్నం తిన్నాక సగం చదువుకున్నా పర్వాలేదు.

పోయిన వారం అల్ ఖర్జ్ దగ్గర మజ్రాలో పని చేసే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇంటికి పోక ఆరేళ్లయింది. మా పాప ఇమోలో నన్ను చూసి డాడీ అంటది, రెండు నిమిషాలకే ఆటకు ఉరుకుతది. నేను లేకున్నా ఇల్లు నడుస్తనే ఉన్నది. కనబడని మనిషి ఉన్నట్టా, లేనట్టా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. పెద్ద పెద్దవాళ్లు దేవుడి గురించి అడిగిన ప్రశ్నే ఇది. కంటికి కనబడనిది ఉన్నట్టా, లేనట్టా? తమ్ముడికి జవాబు చెప్పే ముందు ఆకాశంలో జరిగే ఒక పని చెప్తాను. క్యాంపు మేడ మీద పడుకునే వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది.

చంద్రుడు రాత్రంతా తూర్పు నుంచి పడమరకు పోతున్నట్టు కనబడతాడు. కానీ చుక్కలతో పోల్చి చూస్తే ఆయన మెల్లగా వెనక్కు, అంటే తూర్పుకు జరుగుతూ ఉంటాడు. గంటకు సుమారుగా తన వెడల్పంత దూరం. అట్లా పోతూ పోతూ ఒక్కోసారి ఒక చుక్కకు సరిగ్గా అడ్డం వస్తాడు. చుక్క ఆయన వెనక్కి పోతుంది. గంటకు కొంచెం అటు ఇటుగా, అవతలి అంచున మళ్లీ బయటపడుతుంది. గ్రహణం లాంటిదే, కాకపోతే సూర్యుడి బదులు చుక్క.

బాగా వెలిగే చుక్కల్లో చంద్రుడు ఇట్లా కప్పగలిగేవి నాలుగే. రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. మన పంచాంగంలో ఉన్న పేర్లే. మన చైత్రం, జ్యేష్ఠం, మాఘం అనే నెలల పేర్లు కూడా పున్నమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో దాన్ని బట్టి వచ్చినవే. ఈ నాలుగూ ఎప్పుడు పడితే అప్పుడు కప్పబడవు. చంద్రుడి దారి కొంచెం కొంచెం ఊగుతూ 18 ఏళ్ల పైచిలుకుకు ఒక చుట్టు తిరిగి వస్తుంది. రోహిణి 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబర్ దాకా ప్రతి నెలా, భూమ్మీద ఎక్కడో ఒకచోట వాళ్లకు, చంద్రుడి చాటుకు పోతూనే ఉంది. మొత్తం 49 సార్లు. ఆ తర్వాత ఆయన దారి మారింది, ఇప్పుడు పక్క నుంచి పోతున్నాడు.

ఇందులో మూడు సంగతులు నన్ను చాలా రోజులు ఆలోచనలో పెట్టాయి.

ఒకటి. చంద్రుడు ఎంత? అడ్డంగా 3,474 కిలోమీటర్లు. రియాద్ నుంచి మన కరీంనగర్‌కు ఉన్న దూరం ఎంతో, దాదాపు అంతే. రోహిణి ఎంత? మన సూర్యుడికే 40 రెట్లకు పైగా వెడల్పు. అంత పెద్దదాన్ని ఇంత చిన్నది ఎట్లా కప్పింది? దగ్గరగా ఉంది కాబట్టి. జేబులోంచి ఒక రియాల్ బిళ్ల తీసి కంటికి దగ్గరగా పట్టుకుని చూడండి, ఎదురుగా ఉన్న ఆరంతస్తుల బిల్డింగ్ కనబడదు. మనకు ఈ బిళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. వీసాకు తెచ్చిన అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి, ఇఖామా రెన్యువల్, ఈ నెల జీతం పడుతుందా లేదా. అన్నీ చిన్నవే, కానీ కంటికి ఆనుకుని ఉన్నాయి.

రెండోది ఇంకా గట్టిగా తగిలింది. చంద్రుడి మీది నుంచి వెలుగు మన దగ్గరకు రావడానికి ఒక సెకండు, ఇంకో పావు సెకండు పడుతుంది. రోహిణి నుంచి రావడానికి దాదాపు 65 ఏళ్లు. అంటే మన నాయనలు పిల్లలుగా ఉన్న కాలంలో అక్కడ బయల్దేరిన వెలుగు, దారిలో ఎక్కడా ఆగకుండా 65 ఏళ్లు నడిచి వచ్చి, ఆఖరి సెకండులో ఆగిపోతుంది. మనదాకా రాదు. అమ్మ రెండు రోజుల నుంచి ఏదో చెప్పాలనుకుని ఫోన్ చేస్తే, "డ్యూటీలో ఉన్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేసిన ఫోన్లు ఎన్ని ఉన్నాయో మీరే లెక్క వేసుకోండి. అంత దూరం వచ్చిన మాట, చెవి దగ్గరే ఆగిపోయింది.

మూడోది. అమావాస్య తర్వాత పెరిగే చంద్రుడు ముందుకు జరిగేటప్పుడు ముందు వచ్చేది ఆయన చీకటి అంచు. వెలిగే భాగం పడమర వైపు ఉంటుంది, చీకటి భాగం తూర్పు వైపు. ఆ చీకటి అంచు మన కంటికి ఆనదు. అందుకే చూసేవాళ్లకు చుక్క ఖాళీ ఆకాశంలో ఉన్నట్టుండి ఆరిపోయినట్టు ఉంటుంది. మసకబారి, మెల్లమెల్లగా పోదు. చంద్రుడి చుట్టూ గాలి లేదు కాబట్టి, స్విచ్ తీసినట్టు టక్కున పోతుంది. ఏం అడ్డం వచ్చిందో కనబడదు, చుక్క పోయిందని మాత్రం తెలుస్తుంది.

ఇది మనుషుల్లో కూడా చూశాను. ఇంటికి ఫోన్ మానేసిన వాళ్లను అడిగితే డ్యూటీ అంటారు, నెట్ లేదంటారు. అది వెలిగే భాగం, అందరికీ కనబడేది. నిజంగా అడ్డం వచ్చింది వేరే ఉంటుంది. హురూబ్ పడిందన్న సిగ్గు. చీటీ డబ్బులు పోయాయన్న భయం. తమ్ముడి పెళ్లికి పోలేకపోయానన్న కోపం, అది ఎవరి మీదో తెలియని కోపం. ఇంటి దగ్గర వాళ్లకు ఇదేమీ కనబడదు. వాళ్లకు తెలిసింది ఒక్కటే, రోజూ మోగే ఫోన్ ఒకరోజు మోగలేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. కనబడని మనిషి ఉన్నట్టా, లేనట్టా?

2023 మార్చి 24 సాయంత్రం గుర్తు చేసుకోండి. శుక్రవారం. దానికి రెండు రోజుల ముందు, 22న, మనకు శోభకృత్ ఉగాది. 23న ఇక్కడ సౌదీలో రంజాన్ మొదటి ఉపవాసం. మన దేశంలో మొదటి ఉపవాసం ఆ 24నే. ఒకే చంద్రుడు, ఎవరి లెక్క వాళ్లది. ఆ రోజు మన దేశంలో చాలా చోట్ల నుంచి చూస్తే శుక్రుడు నెలవంక చాటుకు పోయాడు. పొద్దు ఉండగానే పోయాడు కాబట్టి పోవడం చాలామంది చూడలేదు. పొద్దు గూకేసరికి బయటికి వచ్చి, నెలవంక కింద ముక్కుపుడకలాగా మెరిశాడు. ఊరి నుంచి ఆ ఫొటోలు మనందరి ఫోన్లకూ వచ్చాయి. ఇక్కడ పొద్దు గూకేది ఊరికన్నా రెండు గంటలు ఆలస్యం. మనకు మగ్రిబ్ బాంగ్ వినబడి చీకటి పడేసరికి, చంద్రుడు పైకి జరిగి, ఇద్దరి మధ్య బాగా ఖాళీ వచ్చేసింది. ఇక్కడ చూసినవాడు "ఏం కప్పాడు? దూరంగానే ఉన్నారు కదా" అంటాడు. (శుక్రుడు నక్షత్రం కాదు, గ్రహం అని పిల్లలు మనల్ని సరిచేస్తారు. నిజమే. కానీ మన ఊళ్లో వేగుచుక్క, శుక్రచుక్క అనే అంటాం.)

సమయం ఒక్కటే కాదు, నిలబడ్డ చోటు కూడా లెక్కే. ఒకే నిమిషంలో రియాద్ నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఒకరు చంద్రుణ్ణి చూస్తే, చుక్కల మధ్య ఆయన ఉన్న చోటు ఇద్దరికీ ఒకటి కాదు. దాదాపు తన వెడల్పంత దాకా తేడా రావచ్చు. అందుకే ఒక ఊళ్లో కప్పబడిన చుక్క ఇంకో ఊళ్లో ఆ నిమిషానే నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. కప్పబడటం అనేది చుక్కకు జరిగిన సంగతి కాదు, చూసేవాడికి జరిగిన సంగతి. రోహిణికి తెలియను కూడా తెలియదు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు ఉన్నావు. నీ పాపకు కనబడటం లేదు, అంతే. ఆటకు ఉరికే పిల్ల నాయన లేడని ఉరకదు, ఉన్నాడన్న ధీమాతోనే ఉరుకుతుంది. ధీమా లేని పిల్లలు ఫోన్ పట్టుకుని ఏడుస్తారు.

ఇక్కడి వాళ్ల దగ్గర ఒక పద్ధతి నాకు చాలా నచ్చింది. రియాద్‌కు ఉత్తరాన తుమైర్, హోతాత్ సుదైర్ అనే ఊళ్లు ఉన్నాయి. రంజాన్‌కు, పండగకు నెలవంక చూడటానికి మనుషులు అక్కడ నిలబడతారు. చూడమని ఇక్కడి సుప్రీంకోర్టే ప్రకటన ఇస్తుంది. నెలవంక కనబడిందా, కొత్త నెల మొదలు. కనబడలేదా, చంద్రుడు లేడని ఎవరూ అనరు. 30 రోజులు పూర్తి చేసి ముందుకు పోతారు. కనబడని దాని మీద నమ్మకం అంటే కళ్లు మూసుకోవడం కాదు, లెక్క తప్పకపోవడం. ఇంటి దగ్గర మన కోసం చూసే వాళ్లు చేస్తున్నది కూడా అదే. గోడ మీద క్యాలెండర్‌లో గీతలు కొడుతున్నారు.

ఇంతదాకా చెప్పింది మనకు తియ్యగా ఉంటుంది. మనం చుక్కలం, మనకేదో అడ్డం వచ్చింది, పాపం మనం. ప్రవచనం ఇక్కడ ఆపితే అందరూ చేతులు జోడించి ముందుకు ఫార్వర్డ్ చేస్తారు. కానీ సగం సత్యం చెప్పి ఆపడం నాకు ఇష్టం లేదు. ఇదే ఆకాశాన్ని ఊరి వైపు నుంచి ఒకసారి చూద్దాం.

చంద్రుడి కథ మీకు తెలుసు. దక్ష ప్రజాపతి తన 27 మంది కూతుళ్లను ఆయనకిచ్చి చేశాడు. అశ్విని నుంచి రేవతి దాకా, అవే 27 నక్షత్రాలు. చంద్రుడు అందరి దగ్గరకూ పోకుండా రోహిణి దగ్గరే ఉండిపోయాడు. మిగతా వాళ్లు తండ్రికి మొర పెట్టుకున్నారు. దక్షుడు చెప్పి చూశాడు, వినలేదు. క్షయం పట్టి కరిగిపొమ్మని శపించాడు. చంద్రుడు ప్రభాస తీర్థంలో శివుణ్ణి కొలిచాడు, అదే ఇప్పటి గుజరాత్‌లోని సోమనాథం. అప్పటి నుంచి పదిహేను రోజులు తరుగుతాడు, పదిహేను రోజులు పెరుగుతాడు. దక్షుడు కొంచెం ఎక్కువే చేశాడని నాకనిపిస్తుంది, ఆయనది ఎప్పుడూ అదే తీరు, శివుడితో కూడా అట్లాగే చేశాడు.

ఈ కథ విన్నప్పుడల్లా మిగతా 26 మంది మీద జాలి పడతాం. రోహిణి అదృష్టవంతురాలు అనుకుంటాం. కానీ ఆమెను ఎవరైనా అడిగారా? చంద్రుడు తన దగ్గరే ఆగిపోతే రోహిణికి ఏమవుతుందో ఇప్పుడు మనకు తెలుసు. కనబడదు. ప్రేమతోనే వచ్చాడు, కానీ వచ్చి నిలబడ్డది ఆమెకు అడ్డంగా. ఇంకో మాట. చంద్రుడికి సొంత వెలుగు లేదు, సూర్యుడిది తీసుకుని మనకిస్తాడు. రోహిణిది సొంత వెలుగు. కప్పుతున్నది అరువు వెలుగు, కప్పబడుతున్నది సొంత వెలుగు. అయినా ఊరంతా చూసేది చంద్రుణ్ణే.

ఇప్పుడు మన ఊళ్లకు రండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పక్క ఏ ఊరైనా సరే. మనిషి రియాద్‌లో ఉన్నా, దమ్మామ్‌లో ఉన్నా ఆ ఇంటిని "దుబాయోని ఇల్లు" అంటారు. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి ఉంటుంది. పొద్దున లేచి బీడీలు చుట్టి, సంఘం కిస్తీ కట్టి, మామను దవాఖానకు తోలుకపోయి, పిల్లల బడికి పోయి సార్లతో మాట్లాడి, పొలం కౌలుకిచ్చి, ఆ కౌలు వసూలు చేసి ఇల్లు నడుపుతుంది. మనం పంపిన డబ్బు మొదటి మూడేళ్లు అప్పుకు, మిత్తికే పోయిందే, ఆ మూడేళ్లు ఆ ఇంట్లో పొయ్యి ఎవరి డబ్బుతో వెలిగింది? ఎవరూ అడగరు. "ఆయన దుబాయి పోయి పిల్లల్ని చదివించిండు" అంటారు. ఆమె పేరు ఆ మాటలో ఎక్కడా ఉండదు.

గోదావరి జిల్లాల నుంచి, కడప పక్క నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఇక్కడ సేటు ఇంట్లో అర్ధరాత్రి దాకా గిన్నెలు తోమి, తన పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి, ఇక్కడి పిల్లలకు స్నానాలు చేయించి పంపిన డబ్బుతో ఊళ్లో ఇల్లు లేస్తుంది. గృహప్రవేశం కార్డు మీద ఎవరి పేరు పెద్దక్షరాల్లో ఉంటుందో మీకు తెలుసు. అక్కా, ఆ ఇంట్లో రోహిణివి నువ్వు.

ఇక్కడ ఒక అన్న నన్ను ఆపుతాడు. "నేనేం తప్పు చేశాను? తాగలేదు, తిరగలేదు, నెల నెలా పంపుతున్నా. ఆమెను తక్కువ చేయాలని ఎప్పుడూ అనుకోలేదు." అన్న మాట న్యాయమే. చంద్రుడు కూడా రోహిణిని కప్పాలని రాలేదు. అనుకోకుండా జరిగిన దానికి దోషం ఉంటుందా? ఈ ధర్మసందేహం తేలిక కాదు. తెలియక కాలు తగిలితే తప్పు కాదంటాం, కానీ తగిలిందని తెలిశాక కూడా కాలు తియ్యకపోతే? నాకు తోచింది ఇంతవరకే. తెలియనంతవరకు అది చంద్రుడి పని, తెలిశాక మనిషి పని.

పోనీ మనం తగ్గి ఉంటే సరిపోతుందా? నేను కూడా ముందు అట్లాగే అనుకున్నాను. శివుడు తల మీద పెట్టుకున్నది పున్నమి చంద్రుణ్ణి కాదు కదా, సన్నటి నెలవంకను కదా, తగ్గినవాణ్ణే ఆయన దగ్గరకు తీశాడు అని. మాట బాగుంది. కానీ ఆకాశం ఒప్పుకోవడం లేదు. నెలవంక రోజున కూడా చంద్రుడి ఒళ్లు మొత్తం అక్కడే ఉంటుంది, వెలుగు మాత్రమే తగ్గింది. ఆ రోజు కూడా అంతే చోటును కప్పుతాడు. చుక్కను కప్పేది ఆయన వెలుగు కాదు, ఆయన ఒళ్లు. జీతం లేక ఏడాది నుంచి క్యాంపులో ఖాళీగా ఉన్న మనిషి కూడా ఫోన్లో "నన్ను అడగకుండా పొలం ఎట్లా ఇచ్చినవ్" అని కేకలు వెయ్యడం మీరూ విన్నారు. వెలుగు పోయింది, కప్పడం పోలేదు.

మరి చంద్రుడు చేసిన తప్పేమిటి? కథలోనే ఉంది. రోహిణి దగ్గరకు పోవడం తప్పు కాదు, అది ఆయన వంతు. ఆగిపోవడం తప్పు. ఆకాశంలో చంద్రుడు ఆగడు కాబట్టే ఏ చుక్కా ఎక్కువసేపు మరుగున పడదు. 27 రోజుల చిల్లరలో అందరి దగ్గరకూ పోయి, అందరినీ దాటి, మళ్లీ వస్తాడు. ప్రతి మాటా నా నోటి నుంచే రావాలి, ప్రతి లెక్కా నా దగ్గరకే రావాలి అని పదేళ్లు ఒకేచోట నిలబడ్డ మనిషి వెనక ఏ చుక్క ఉందో ఆ ఇంటి పిల్లలకు కూడా తెలియకుండా పోతుంది. ఆఖరుకు ఆయన ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోతాడు. ఆమె ఎవరో ఆయనకూ తెలియదు.

చేయాల్సింది పెద్ద త్యాగమేమీ కాదు. ఈసారి పంపే డబ్బు ఆమె పేరున ఉన్న ఖాతాలో వెయ్యండి, మీ నాయన ఖాతాలో కాదు, అన్న ఖాతాలో కాదు. కూతురి సంబంధం గురించి ఫోన్ వస్తే "నువ్వేమంటావు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఊరుకోండి. ఊరుకోవడం కష్టం. నా మాట నమ్మండి, పన్నెండు గంటల డ్యూటీ కన్నా కష్టం.

ఇక్కడి అరబ్బులు మన రోహిణిని అద్దబరాన్ అంటారు. వెంట నడిచేది అని అర్థం. కృత్తికలను వాళ్లు సురయ్యా అంటారు. వాళ్ల పాత కథలో అద్దబరాన్ ఒక పేదవాడు. సురయ్యాను అడిగితే వీడి దగ్గర ఏముందని కాదంది. అప్పుడు వాడు ఒంటె పిల్లల మందను తోలుకుని, అదే నా కట్నం అని, ఆమె వెంట ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు. రోహిణి పక్కన కనబడే చిన్న చిన్న చుక్కలే ఆ ఒంటెలు. ఒకే చుక్క మనకు భార్య, వాళ్లకు కట్నం కూడబెడుతూ నడిచే పేద మగవాడు. ఎడారిలో ఒంటెలు కాస్తున్న మనవాళ్లకు ఆ చుక్క ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

చూడాలనుకున్న వాళ్లకు గుర్తు. రోహిణి కొంచెం ఎర్రగా ఉంటుంది. కార్తీక పున్నమి అయిన మర్నాడు, అటూ ఇటుగా, చంద్రుడు దాని దగ్గరలోనే ఉంటాడు. జుబైల్‌లో ప్లాంటు మంటల వెలుగుకు చిన్న చుక్కలు కనబడకపోవచ్చు, ఇది మాత్రం కనబడుతుంది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఆమెను వాకిట్లోకి రమ్మనండి. చంద్రుడికి ఎటు పక్క ఉంది, ఎంత దూరంలో ఉంది, అక్కడి నుంచి ఎట్లా కనబడుతుందో ఆమెనే చెప్పమనండి. మీకు ఇక్కడి నుంచి కనబడేది కొంచెం వేరుగా ఉంటుంది. మీది తర్వాత చెప్దురుగాని, ముందు ఆమెను చెప్పనివ్వండి.

హర హర మహాదేవ. వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం.